గుంటూరులో కెమెరా, బెజవాడలో ఫోను: మధ్యలో అడ్డం ఏమిటి?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజి. 16 కెమెరాలు, ఒక డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె). నేనుండేది విజయవాడలో. పాత నెట్ ఉన్నప్పుడు ఇంట్లో కూర్చునే లారీల్లోంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దించడం చూసేవాణ్ణి. కనెక్షన్ మార్చాక ఏమీ కనబడటం లేదు. కుర్రాడొచ్చి రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి పిలుపును లోపలి డీవీఆర్‌కి పంపే సెట్టింగు) మూడుసార్లు పెట్టి వెళ్లాడు. ఇంకా స్పీడ్ ప్లాన్ తీసుకుంటే వస్తుందంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, పటమట)

జవాబు: స్పీడ్‌కి డబ్బు పెట్టకండి. ముందు ఐదు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. గోడౌన్ రూటర్ పేజీ తెరిచి, స్టేటస్‌లో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు చిరునామా) అన్నచోట ఏ నంబరుందో కాగితం మీద రాసుకోండి. ఫోన్‌ని అదే వైఫైకి కలిపి, మన ఐపీ ఎంతో చెప్పే సైటు ఏదైనా తెరవండి. రెండు నంబర్లూ ఒకటే అయితే కుర్రాడి సెట్టింగులో తప్పుంది. వేరువేరుగా ఉండి, రూటర్‌లోది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మాత్రం పోర్ట్ ఫార్వార్డింగ్ ముప్పైసార్లు పెట్టినా రాదు.

ఇప్పుడు మనం ఎక్కువగా వాడే ఐపీవీ4 చిరునామా 32 బిట్లు, మొత్తం కలిపి 429 కోట్లు. ప్రపంచం మొత్తానికి ఉన్న కేంద్ర ఖాతాలోని ఆఖరి చిరునామాల కట్టల్ని 2011 ఫిబ్రవరి 3న ప్రాంతీయ రిజిస్ట్రీలకు పంచేశారు. ఆసియా పసిఫిక్ వాటా అదే ఏడాది ఏప్రిల్‌కల్లా రేషన్‌లోకి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ప్రొవైడర్లు ఎందరో చందాదారుల్ని ఒకే పబ్లిక్ చిరునామా వెనక కూర్చోబెడుతున్నారు. దీని పేరు క్యారియర్ గ్రేడ్ నాట్. 100.64తో మొదలయ్యే ఆ కట్టను 2012లో అచ్చంగా దీనికోసమే పక్కన పెట్టారు. మీ డీవీఆర్ తనంతట తాను బయటికి మాట్లాడితే జవాబు తిరిగొస్తుంది, ఎవరు అడిగారో ప్రొవైడర్ పెట్టెలో రాసి ఉంటుంది కాబట్టి. మీరు పటమట నుంచి పిలిస్తే ఆ పెట్టెలో అలాంటి రాతేమీ లేదు, పారేస్తుంది. పిలుపు మీ రూటర్ గడప దాకా రానప్పుడు రూటర్‌లో ఏం రాసి ఏం లాభం?

ప్రొవైడర్‌ని స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగొచ్చు, విడిగా డబ్బు తీసుకుని ఇస్తారు. కానీ అది రాగానే డీవీఆర్ పోర్టుల్ని బయటికి తెరిచి పెట్టకండి. 2016లో మిరాయ్ అనే వార్మ్ కంపెనీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్‌లు, కెమెరాల్లోకి చొరబడి వాటినే సైన్యంగా చేసుకుంది. ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్దపెద్ద సైట్లు కూలింది ఆ దెబ్బకే. ఐపీవీ6 (కొత్త తరం చిరునామాలు) ఇంకో దారి, కాకపోతే పాత డీవీఆర్‌లలో చాలావాటికి అది రాదు.

మేమైతే వైర్‌గార్డ్ టన్నెల్ (నెట్ మీదుగా వెళ్లే సొంత రహస్య దారి) పెట్టమంటాం. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి, గోడౌన్‌లో వైర్‌గార్డ్ నడిచే రూటర్ గానీ రాస్‌ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ గానీ, ఫోన్‌లో వైర్‌గార్డ్ యాప్. గోడౌన్‌లోని ఆ పరికరం తనే సర్వర్‌కి ఫోన్ చేసి లైను పట్టుకుని కూర్చుంటుంది. మీ ఫోనూ అదే సర్వర్‌కి వెళుతుంది, అక్కడ ఇద్దరూ కలుస్తారు. ఇది పెట్టేవాళ్లు మామూలుగా మూడుచోట్ల తడబడతారు. పర్సిస్టెంట్ కీపలైవ్ (లైను తెగకుండా అప్పుడప్పుడూ పలకరించడం) 25 సెకన్లు పెట్టడం మర్చిపోతారు. వైర్‌గార్డ్ నడిచేది యూడీపీ మీద; ప్రొవైడర్ పెట్టెలో యూడీపీ ఎంట్రీని రెండు నిమిషాలైనా ఉంచాలని ప్రమాణం చెబుతోంది గానీ 30 సెకన్లకే చెరిపేసే పెట్టెలున్నాయి, అందుకే 25. రెండోది, ఇంట్లోనూ గోడౌన్‌లోనూ 192.168.1 కట్టే ఉంటుంది. ఇంటి వైఫై మీదున్న ఫోన్ డీవీఆర్‌ని ఇంట్లోనే వెతుక్కుంటూ ఉంటుంది. గోడౌన్‌ని 192.168.57కి మార్చండి. మూడోది, రాస్‌ప్‌బెర్రీ పెట్టినచోట డీవీఆర్ జవాబు దానికి కాకుండా మెయిన్ రూటర్‌కి పోతుంది. రూటర్‌లో టన్నెల్ చిరునామాల కట్టకి స్టాటిక్ రూట్ (దారి) రాయాలి, లేదా రాస్‌ప్‌బెర్రీ మీద మాస్కరేడ్ (పిలుపు తన చిరునామా నుంచే వచ్చినట్టు చూపడం) పెట్టాలి. అంతా అయ్యాక సర్వర్‌లో ‘లేటెస్ట్ హ్యాండ్‌షేక్’ చూడండి. అది మూడు నిమిషాలు దాటి పెరుగుతూ పోతుంటే టన్నెల్ పడిపోయినట్టే.

స్పీడ్ మాటకొస్తే, మీకు కావలసింది గోడౌన్‌లో అప్‌లోడ్. సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) 512 కేబీపీఎస్ చొప్పున 16 కెమెరాలకి 8 ఎంబీపీఎస్ చాలు. మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యత వీడియో) 4 ఎంబీపీఎస్ చొప్పున అన్నీ ఒకేసారి తెరిస్తే 64 కావాలి. ఫోన్ తెర మీద 16 బొమ్మలకి మెయిన్ స్ట్రీమ్ దండగ.

ప్రశ్న: ఎం.టెక్ ప్రాజెక్టులో టీసీపీ క్యూబిక్, బీబీఆర్ (రద్దీని బట్టి పంపే వేగాన్ని సర్దే రెండు పద్ధతులు) పోలుస్తున్నాను. రెండు లినక్స్ లాప్‌టాప్‌లు, మధ్య గిగాబిట్ కేబుల్. పంపే మెషీన్‌లోనే నెట్ఎమ్‌తో (కావాలని ఆలస్యం పెట్టే లినక్స్ పనిముట్టు) 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాను. ఆఫ్‌లోడ్‌లు (ప్యాకెట్ల పనిని నెట్‌వర్క్ కార్డుకి అప్పగించే సెట్టింగులు) తీసేశాను. వేగం కొలిచే ఐపెర్ఫ్3లో ఏదీ 120 ఎంబీపీఎస్ దాటడం లేదు. క్యూబిక్ అయితే ఇంకా కింద. ‘గిగాబిట్‌లో క్యూబిక్ విఫలం’ అని రాయొచ్చా?
(ఒక విద్యార్థిని, గుంటూరు)

జవాబు: రాయకండమ్మా. మీరు కొలిచింది క్యూబిక్‌ని కాదు, నెట్ఎమ్ క్యూ పొడవుని. ఆ 120 అన్న అంకే దొంగని పట్టిస్తోంది.

నెట్ఎమ్‌కి డిఫాల్ట్ లిమిట్ 1000 ప్యాకెట్లు. ఆలస్యం చేయడమంటే ప్రతి ప్యాకెట్‌నీ 100 మిల్లీసెకన్లు క్యూలో కూర్చోబెట్టడమే. 100 మిల్లీసెకన్లకి 1000 అంటే సెకనుకి 10,000 ప్యాకెట్లు. ఒక్కోటి 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. గుణిస్తే సరిగ్గా 120 ఎంబీపీఎస్. గిగాబిట్ నిండాలంటే దారిలో 1.25 కోట్ల బైట్లు, సుమారు 8,333 ప్యాకెట్లు ఏకకాలంలో ఉండాలి. 1001వ ప్యాకెట్ నుంచి నెట్ఎమ్ పారేస్తూ ఉంటే క్యూబిక్ అది రద్దీ అనుకుని తగ్గుతోంది. టీసీ (నెట్ఎమ్‌ని పెట్టే లినక్స్ కమాండ్) గణాంకాల్లో ‘డ్రాప్డ్’ అన్న అంకె చూడండి, పెరుగుతూ ఉంటుంది. లిమిట్‌ని 20,000కి పెంచండి.

పెంచగానే 900 వస్తాయనుకోకండి, బహుశా 300 చుట్టుపక్కల మళ్లీ ఆగుతుంది. చాలా లినక్స్‌లలో పంపే సాకెట్ బఫర్ గరిష్ఠం 4 ఎంబీ. అంత డేటా 100 మిల్లీసెకన్లకోసారి పోతే 335 ఎంబీపీఎస్ పైకప్పు, బుక్‌కీపింగ్ ఖర్చుతో ఇంకాస్త తక్కువే. టీసీపీ ఆర్‌మెమ్, డబ్ల్యూమెమ్ (అందుకునే, పంపే బఫర్ల సెట్టింగులు) రెండింటి గరిష్ఠమూ రెండు మెషీన్లలోనూ 32 ఎంబీకి మార్చండి.

అసలు తప్పు అమరికలో ఉంది. పంపే మెషీన్‌లోనే నెట్ఎమ్ పెడితే, ప్యాకెట్ పడిపోయిన సంగతి టీసీపీకి కెర్నెల్ లోపలే తెలిసిపోతుంది. నిజం నెట్‌వర్క్‌లో అలా ఉండదు. మూడో మెషీన్ ఒకటి తెచ్చుకుని మధ్యలో రూటర్‌గా పెట్టండి. రిసీవర్ వైపు వెళ్లే కార్డు మీద టీబీఎఫ్‌తో (వేగానికి హద్దు పెట్టే పనిముట్టు) ఇరుకు, దాని క్యూ. సెండర్ వైపు తిరిగొచ్చే కార్డు మీద నెట్ఎమ్‌తో ఆలస్యం. రెంటినీ ఒకే నెట్ఎమ్‌లో కలిపితే ఆలస్యంలో నిలబడ్డ ప్యాకెట్లేవో, రద్దీలో నిలబడ్డవేవో విడదీయలేరు. మీ ప్రాజెక్టు మొత్తం ఆ తేడా మీదే ఉంది. మధ్య మెషీన్‌కి రెండో పోర్టు కోసం యూఎస్‌బీ ఈథర్నెట్ ముక్క కొంటే 3.0దే కొనండి. 2.0ది 480 ఎంబీపీఎస్‌ దాటదు, డబ్బా మీద గిగాబిట్ అని రాసి ఉన్నా సరే.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. లినక్స్ పాత కనెక్షన్ కొలతల్ని ఆ చిరునామా పేరు మీద దాచుకుని తర్వాతి కనెక్షన్‌కి వాడుతుంది. పొద్దున క్యూబిక్ తిన్న దెబ్బ సాయంత్రం రన్ మీద పడుతుంది. టీసీపీ నో మెట్రిక్స్ సేవ్‌ని 1 చేయండి. ఒక్కో రన్ 60 సెకన్లు, మొదటి 10 సెకన్లు వదిలేయండి, ఒక్కో అమరికకి కనీసం 10 రన్‌లు, క్యూబిక్, బీబీఆర్ ఒకదాని తర్వాత ఒకటి మార్చిమార్చి. సగటు ఒక్కటీ ఇచ్చి ఊరుకోక మధ్యగతం, విస్తృతి రెండూ ఇవ్వండి. క్యూబిక్ 2006 నుంచీ లినక్స్ డిఫాల్ట్, బీబీఆర్‌ని గూగుల్ వాళ్లు 2016లో ప్రకటించారు. ఇన్నేళ్లుగా ఆడుతున్న ఆటగాడు గిగాబిట్‌లో బొత్తిగా చతికిలపడ్డాడని రాసే ముందు మన తక్కెడ ఒకసారి చూసుకోవాలి.

ప్రశ్న: మా ఇంట్లో డౌన్‌లోడ్ 40, అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్టులో రెండూ పూర్తిగా వస్తున్నాయి. అయినా మా అబ్బాయి ఫోన్ ఫోటోలు బ్యాకప్ అవుతుంటే నా ఆన్‌లైన్ క్లాసులో గొంతు తెగిపోతోంది.
(ఒక ఉపాధ్యాయిని, గుణదల)

జవాబు: మీ మోడెమ్‌లో అప్‌లోడ్ క్యూ మరీ పెద్దదండీ. 256 కేబీ బఫర్‌ని 5 ఎంబీపీఎస్‌లో ఖాళీ చేయడానికి 0.4 సెకను పైనే పడుతుంది. ఫోటోలు దాన్ని నింపేస్తాయి, మీ గొంతు ప్యాకెట్లు చిట్టచివర నిలబడతాయి. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. పరీక్ష తేలిక: పింగ్ నడుపుతూ ఫోటోల బ్యాకప్ మొదలుపెట్టండి. 10 మిల్లీసెకన్లున్నది 400 అయితే ఇదే జబ్బు.

క్యాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. క్యూ ఎంత పొడవుందని చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లకి దిగకపోతే పారేయడం మొదలెడుతుంది. ఓపెన్‌వర్ట్ (రూటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రూటర్‌లో క్యూని అదుపు చేసే ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ వేసి, కోడెల్ కోవదే అయిన కేక్ ఎంచుకోండి. అప్‌లోడ్ 4500 కేబీపీఎస్, డౌన్‌లోడ్ 36,000 అని రాయండి. 5000 అనే రాస్తే క్యూ మళ్లీ మోడెమ్‌లోనే పేరుకుంటుంది, రూటర్ చేతికి రాదు. ఆ పది శాతం వదులుకోవడానికి మనసొప్పక చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. రూటర్ మార్చే ఉద్దేశం లేకపోతే బ్యాకప్‌ని రాత్రికి పెట్టించండి.

ప్రశ్న: గవర్నర్‌పేటలో అకౌంట్స్ ఆఫీసు మాది. కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుంటాయి, కొన్ని లాగిన్ దగ్గర తెల్లపేజీతో అలా తిరుగుతూనే ఉంటాయి. మొబైల్ డేటాలో అన్నీ వస్తాయి.

జవాబు: రూటర్‌లో పీపీపీఓఈ (యూజర్‌నేమ్‌తో లాగినయ్యే నెట్ పద్ధతి) యూజర్‌నేమ్ ఉందా? ఉంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి. పీపీపీఓఈ 8 బైట్లు తినేస్తుంది కాబట్టి 1500 ప్యాకెట్ దానిలో పట్టదు, 1492 వరకే. విండోస్‌లో పింగ్ అని కొట్టి, ఏదైనా సైటు పేరుతో పాటు మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1464 ఇచ్చి చూడండి (28 బైట్ల హెడర్ కలిస్తే 1492). 1464 వెళ్లి 1465 వెళ్లకపోతే లైను మంచిదే. పెద్ద ప్యాకెట్ పట్టనప్పుడు ‘చిన్నది పంపు’ అని ఐసీఎమ్‌పీలో కబురు వెళ్లాలి. భద్రత పేరుతో ఎవరో ఫైర్‌వాల్‌లో ఐసీఎమ్‌పీ మొత్తం మూసేస్తే ఆ కబురు చేరదు, సైటు పెద్ద ప్యాకెట్లే మళ్లీమళ్లీ పంపుతుంది. రూటర్‌లో ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్‌లో డేటా సైజుకి ముందే హద్దు పెట్టడం) ఆన్ చేయండి. చేత్తో రాయాల్సి వస్తే ఐపీవీ4కి 1452, ఐపీవీ6కి 1432.

ప్రశ్న: డాబా మీది ఐపీ కెమెరా పగలంతా పనిచేసి చీకటి పడగానే ఆగిపోతోంది. రెండుసార్లు కెమెరా మార్చాం. కేబుల్ 40 మీటర్లు. కింద 12 వోల్టుల అడాప్టర్, స్ప్లిటర్‌తో అదే కేబుల్లో కరెంటు పంపుతున్నాం.
(ఒక పాఠకుడు, బ్రాడీపేట)

జవాబు: కెమెరాలు రెండూ మంచివే అయి ఉంటాయి. చీకట్లో ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) దీపాలు వెలిగి 3 వాట్లు తినే కెమెరా 7 తింటుంది. కేబుల్ కొస తీసుకుని ఒక తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. 40 మీటర్ల మీద రానూపోనూ సుమారు 5 ఓమ్‌లు. 12 వోల్టులతో ఆ తీగ చివర అందగలిగేది ఎంత గింజుకున్నా 7 వాట్ల దగ్గరే, అప్పటికి కెమెరా దగ్గర మిగిలేది 6 వోల్టులు. ఐఆర్ దీపాలు వెలగగానే కెమెరా పడిపోయి, రీబూటై, మళ్లీ వెలిగి మళ్లీ పడుతుంది. మొత్తం రాగి క్యాట్6 లాగండి, కెమెరాకి పీఓఈ (నెట్ కేబుల్లోంచే కరెంటు తీసుకునే సదుపాయం) ఉంటే 802.3ఏఎఫ్ ప్రమాణం స్విచ్ పెట్టండి. 48 వోల్టులు కాబట్టి అదే 7 వాట్లకి తీగలో పోయేది ఒక వోల్టు కూడా ఉండదు. అడాప్టర్‌ని డాబా మీదికే తీసుకెళ్లడం చవక మార్గం, కానీ వానకి తడవని డబ్బాలో పెట్టి, డబ్బాని నీడలో బిగించండి.