కాఫ్కా కోర్సుకు గొలుసు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా వారికి చిన్న బట్టల కొట్టు ఉంది. మా అబ్బాయి బరంపురంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు, కాఫ్కా లాంటి డేటా స్ట్రీమింగ్ టూల్స్‌కే ఇప్పుడు డిమాండ్ అంటున్నాడు. ఎదురింటివాళ్ళేమో అందరి కంప్యూటర్లలో ఉండేది విండోసే కదా, అది నేర్చుకుంటే చాలు అంటున్నారు. రెండింటిలో దేనికి ఎక్కువ పాపులారిటీ? అమీర్‌పేటలో కాఫ్కా కోర్సు కోసం నా గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నాం. ఒడిశా డిగ్రీని అక్కడ చూస్తారో లేదో అని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ గొలుసు బీరువాలోనే ఉంచండి.

మీరు చివర్లో రాసిన ముక్కే అసలు ప్రశ్న అనుకుంటున్నాను. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ఎవరు రాసినా ఈ దిగులు ఉంటుంది. ఇక్కడ మనం తెలుగువాళ్ళం, అక్కడికి వెళితే ఒడిశావాళ్ళం, మన పిల్లల్ని ఎవరు పట్టించుకుంటారు అని. ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) అనుమతి ఉన్న కాలేజీలో, గుర్తింపు ఉన్న యూనివర్సిటీ ఇచ్చిన బీటెక్ దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికత నిబంధనలు ఉంటాయి, అది వేరే సంగతి. ప్రైవేటు కంపెనీ చూసేది మార్కుల శాతం, బ్యాక్‌లాగులు, వాళ్ళు పెట్టే పరీక్ష, ఇంటర్వ్యూ. పైగా మీ వాడికి ఇంట్లో తెలుగు, బయట ఒడియా, హిందీ, చదువులో ఇంగ్లీషు. భువనేశ్వర్‌లోనూ, విశాఖలోనూ ఇబ్బంది లేకుండా బతకగలడు. దీన్ని మీరు లోటుగా ఎందుకు లెక్కేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు.

ఇక పాపులారిటీ సంగతి. డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల వాటాలు చెప్పే స్టాట్‌కౌంటర్ లాంటి సంస్థలు, వెబ్‌సైట్లు చూసేవాళ్ళు ఏ సిస్టమ్ నుంచి చూస్తున్నారో లెక్కిస్తాయి. ప్రపంచం మొత్తం మీద విండోస్ వాటా నూటికి డెబ్బై దరిదాపుల్లో ఉంటుంది. ఆ తర్వాత యాపిల్ మ్యాక్, బాగా వెనకగా లైనక్స్. కాఫ్కా కంపెనీలు తమ సర్వర్లలో వాడుకునే సాఫ్ట్‌వేర్, దాని లెక్క అలా ఉండదు. ఫార్చ్యూన్ 100 (అమెరికాలోని వంద పెద్ద కంపెనీల జాబితా) కంపెనీల్లో 80 శాతానికి పైగా తమది వాడుతున్నాయని ఆ ప్రాజెక్టువాళ్ళు చెప్పుకుంటారు. ఒకటి మనుషుల వాడకం లెక్క, రెండోది కంపెనీల లెక్క. ఒక పెద్ద కంపెనీలో పదిమంది టీమ్ మాత్రమే వాడినా ఆ జాబితాలో చేరిపోతుంది. అందుకని ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కువ ఉన్నదాంట్లో ఉద్యోగాలెక్కువ అనుకోవడానికి లేదు.

కాఫ్కా అంటే ఏమిటో మీకూ తెలియాలి, డబ్బు కట్టేది మీరు కాబట్టి. మీ కొట్లో చిట్టా పుస్తకం ఉంటుంది కదా. ప్రతి అమ్మకం కింద కింద రాసుకుంటూ పోతారు, రాసింది చెరపరు. అదే పుస్తకం చూసి ఒకరు డబ్బు లెక్క, ఇంకొకరు సరుకు లెక్క చూసుకుంటారు. కాఫ్కా సెకనుకు లక్షల పద్దులు పడినా తట్టుకునే అలాంటి చిట్టా. మామూలు సెట్టింగ్‌లో ఏడు రోజులు దాచి తర్వాత పాతవి తీసేస్తుంది. లింక్డ్‌ఇన్‌లో పుట్టింది, 2011లో అందరికీ ఉచితంగా విడుదలైంది. ఆ చిట్టా చదివే ప్రోగ్రాములు ఎంత వెనకబడ్డాయో, ఏ సర్వర్ ఆగిందో చూపించడానికి దాని పైన కాఫ్‌డ్రాప్, ఏకేహెచ్‌క్యూ లాంటి టూల్స్ ఉన్నాయి. ఈ రంగంలో పల్సర్, రెడ్‌పాండా, అమెజాన్ కినెసిస్ కూడా ఉన్నా, మొదటి పేరు కాఫ్కాదే. రెడ్‌పాండా అయితే కాఫ్కా పద్ధతిలోనే మాట్లాడేలా తయారైంది.

మరి ఇంత పేరున్నదాన్ని ఎందుకు ఆపుతున్నానంటే, ఇది మొదటి ఉద్యోగానికి తలుపు తీసే నైపుణ్యమని నాకు నమ్మకం లేదు. నడుస్తున్న కాఫ్కా క్లస్టర్‌ను, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపును, కంపెనీలు ఫ్రెషర్ చేతిలో పెట్టవు. జావా, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష), నెట్‌వర్క్, లైనక్స్ మీద నాలుగైదేళ్ళు పనిచేసినవాళ్ళకు అప్పగిస్తాయి. రెండో అనుమానం ఇంకా పెద్దది. ఈ నిర్వహణ పనినే అమెజాన్, కన్‌ఫ్లుయెంట్ లాంటి సంస్థలు సేవగా అమ్ముతున్నాయి. అంటే కాఫ్కా నిర్వహణ ఒక్కటే నేర్చుకున్నవాడి పని కొంత అవతలివాళ్ళ చేతికి పోతోంది. మూడోది, కోర్సులు పాతబడటం. ఏళ్ళ తరబడి కాఫ్కాకు జూకీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ తోడుండేది. 2025లో వచ్చిన 4.0 వెర్షన్‌తో దాన్ని పూర్తిగా తీసేశారు, ఆ పని ఇప్పుడు కాఫ్కాలోనే ఉన్న క్రాఫ్ట్ (KRaft) చేస్తుంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి 'క్రాఫ్ట్ నేర్పుతారా, ఇంకా జూకీపరేనా' అని మీ అబ్బాయి చేత అడిగించండి. నీళ్ళు నమిలారంటే సంగతి తెలిసిపోతుంది.

ఎదురింటివాళ్ళ మాట పట్టుకున్నా దారి తప్పుతారు. విండోస్ వాడటం వేరు, దాన్ని నమ్ముకుని ఉద్యోగం చేయడం వేరు. డెస్క్‌టాప్‌లో వెనకపడిన లైనక్సే సర్వర్లలో రాజ్యమేలుతోంది. ప్రపంచంలో అత్యంత వేగమైన 500 యంత్రాల టాప్500 జాబితాలోని సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లైనక్స్ మీదే నడుస్తున్నాయి. కాఫ్కాకు కూడా విండోస్ సరిగ్గా అచ్చిరాదు, లైనక్స్ మీద పెట్టమని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో మేనల్లుడి అభిప్రాయం ఉంది, ఎదురింటివాళ్ళ అభిప్రాయం ఉంది. మీ అబ్బాయికి ఏమి ఇష్టమో ఒక్క ముక్క లేదు. వాడి బ్యాక్‌లాగులు ఎన్నో, కోడ్ రాయగలడో లేదో కూడా రాయలేదు. ఇరవై ఏళ్ళవాడి భవిష్యత్తు గురించి వాణ్ణి అడగకుండా బంగారం తాకట్టుదాకా వెళ్ళడం ప్రేమ అనిపించుకోవచ్చు గానీ, వాడి నెత్తిన అది అప్పుగా కూర్చుంటుంది. రేపు ఉద్యోగం ఆలస్యమైతే ఫోనులో మీకు నిజం చెప్పడానికి కూడా భయపడతాడు. అలా మాట్లాడటం మానేసిన పిల్లల్ని నేను చూశాను.

పాత ల్యాప్‌టాప్ ఉంటే అందులో ఉబుంటు అనే ఉచిత లైనక్స్ వేసుకోమనండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి పాత మెషీన్‌కు అదీ మంచిదే. ఈ ఏడాది జావాగానీ పైథాన్‌గానీ ఒక్కటి గట్టిగా, దాంతోపాటు ఎస్‌క్యూఎల్. ఆ తర్వాత కాఫ్కా మీద ఆసక్తి ఉంటే దించుకోవడం ఉచితం, డాక్యుమెంటేషన్ ఉచితం, ఒక్క ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. మీ కొట్టు అమ్మకాల్నే దాంట్లోకి పంపి, సరుకు ఎంత మిగిలిందో చూపించే చిన్న ప్రాజెక్టు చేస్తే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే దాని గురించే ఎక్కువ మాట్లాడగలడు.

అడ్వాన్స్ ఇప్పటికే కట్టేసి ఉంటే బ్యాచ్ మొదలయ్యేలోపే వాపసు అడగండి, రసీదు దగ్గర పెట్టుకోండి. ఈసారి అబ్బాయినే రాయమనండి. మార్కులు, బ్యాక్‌లాగులు, ఇప్పటిదాకా సొంతంగా రాసిన ప్రోగ్రాముల్లో ఏది నచ్చిందో రాస్తే, వాడికి సరిపడేలా జవాబిస్తాను.