ఎండిన ఆకు కొస

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి రెండుసార్లు చూశాను. నీ స్లిప్పర్ ఆర్కిడ్‌కి, అదే చెప్పులాంటి పువ్వు పూసే మొక్కకి, మూడేళ్లయినా మొగ్గ లేదు, ఎరువు మార్చమంటావా అని అడిగావు. మార్చొద్దమ్మా. ఆకుల కొసలు గోధుమరంగులో ఎండిపోయి ఉన్నాయి చూడు, అది ఉప్పు పని. మీ భీమవరం బోరు నీళ్లు నాకు తెలుసు, మా రాజోలు వైపూ అంతే. స్లిప్పర్ ఆర్కిడ్‌కి ఆ నీళ్లు పడవు. దానికి నీరు దాచుకునే దుంప లేదు, ఉన్నదంతా ఆ నాలుగు వేర్లే. అవి మాడితే ఇక పువ్వు మాటెక్కడిది?

ముందు నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్నో చూపించే టీడీఎస్ మీటరు కొనుక్కో. వంద లోపు చూపించిన నీళ్లే పొయ్యి. మా బోరు పదకొండు వందలు చూపించింది! వాననీటిని మించింది లేదు. ఇప్పుడు వానలున్నాయి కదా, కాసేపు డాబా కడిగి పోనిచ్చి ఆ తర్వాతి నీళ్లు మూతలున్న డ్రమ్ముల్లో పట్టుకో. వేసవిలో కాలవలు కట్టేసే నాటికి రెండు డ్రమ్ములైనా మిగలాలి. చాలకపోతే ఆర్‌ఓ నీళ్లు.

కుండీలో ఇంకో ఉప్పుంది. నువ్వు వేసింది మన కొబ్బరి డొక్క ముక్కలే కదా. డొక్క మంచిదే, తడి పట్టి ఉంచుతుంది. కానీ కడగని డొక్కలో సోడియం, పొటాషియం బాగా ఉంటాయి. నా మొదటి మొక్కని తోటలో డొక్క కొట్టి తెచ్చి నేరుగా అందులోనే పెట్టాను. ఒక్క వర్షాకాలంలో వేర్లన్నీ కుళ్లి, ముట్టుకుంటే పైతొక్క ఊడి చేతికొచ్చింది. ఆ మొక్కని పారేసిన రోజు మీ పెద్దమ్మ భోజనానికి పిలిచినా లేవబుద్ధి కాలేదు. అప్పట్నుంచి ముక్కల్ని వారం పాటు రోజూ నీళ్లు మార్చి నానబెడతాను. చివర్లో ఒక రాత్రి కాల్షియం నైట్రేట్ ఎరువు కలిపిన నీళ్లలో ఉంచి, మళ్లీ కడిగి, బొగ్గు ముక్కలూ, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలూ కలుపుతాను. కుండీ వేర్లకు సరిపోయేంత చిన్నదే ఉండాలి.

నీ దగ్గరున్న సెయింట్ స్విథిన్ 1900 నాటి సంకరం. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన రోత్‌షిల్డియానమ్ బోర్నియో దీవిలో కినబాలు కొండ చుట్టుపక్కల తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. రెండోది ఫిలిప్పినెన్స్, సముద్రపుటొడ్డు సున్నపురాళ్ల మీద కూడా బతుకుతుంది. ఆ రెండో రక్తం ఉండబట్టే మన డెల్టా వేడికి ఇది తట్టుకుంటుందని నా నమ్మకం. ఆల్చిప్పలు నలగ్గొట్టి ఒక చెంచాడు పైన చల్లు, సున్నం దానికి హితం.

పువ్వు సంగతి అరటిలాంటిదే. ఒక మానుకి ఒక్కటే గెల, తర్వాత పిలకదే వంతు. ఇక్కడా ఒక పిలక ఒక్కసారే పూస్తుంది. తేడా ఏంటంటే తోటలో పిలకలు కోసేస్తాం, ఇందులో ఒక్కటి కూడా కొయ్యకూడదు. నీ కుండీలో ఇంకా రెండే ఉన్నాయి, రెండూ పూర్తిగా ఎదగలేదు. నాది మూడో పిలక ఎదిగాక, ఆరో ఏట పూసింది. అందుకే తొందరపడి విడదీయకు.

బాల్కనీలో పడమర వైపు నుంచి తీసెయ్. వడగాలి అటునుంచే వస్తుంది, ఒక్క మధ్యాహ్నంలో మొగ్గ మాడిపోతుంది. తూర్పు వైపు షేడ్‌నెట్ కింద పెట్టు. ఆకు ముదురు పచ్చగా ఉంటే వెలుగు చాలట్లేదు, పసుపుకి తిరిగితే ఎక్కువైంది, లేత పచ్చ సరైనది. చిన్న ఫ్యాను రాత్రీపగలూ తిరగనీ, మన ఉక్కకి గాలే మందు. ధనుర్మాసపు చలికి లోపల పెట్టకు, రాత్రి ఆ చల్లదనం తగిలితేనే మొగ్గ కదులుతుంది.

నీళ్లు పొద్దున్నే పొయ్యి. ఆకుల మధ్య నిలవనివ్వకు, నిలిచిందో సాయంత్రానికల్లా తుడిచెయ్. ఆకు మీద తడిగా, వాసనతో మచ్చ కనిపిస్తే మర్నాటిదాకా ఆగకు. కాల్చి చల్లార్చిన బ్లేడుతో బాగున్న భాగం వరకూ కోసి, గాటు మీద దాల్చినచెక్క పొడి అద్దు. వేర్లకి మాత్రం ఆ పొడి తగలకూడదు, ఎండబెట్టేస్తుంది. ఎరువు లీటరుకి పావు గ్రాము, వారానికోసారి, నాలుగో వారం ఉత్త నీళ్లు. మే నెలలో అసలొద్దు.

పిలక మధ్య చదునుగా మొగ్గ తొడుగు కనిపించిందంటే కుండీని తిప్పకు, కాడ వెలుగుకేసి వంకర్లు పోతుంది. ఆ తొడుగులో నీటిచుక్క పడినా మొగ్గ కుళ్లుతుంది. పువ్వు విచ్చుకోవడానికి నెలలు పడుతుంది, కంగారుపడకు.

ప్రస్తుతానికి వారానికోసారి వాననీళ్లతో కుండీని ధారగా కడుగుతూ ఉండు. కుండీ మార్చే పని మాత్రం నువ్వు పెట్టుకోకు. కార్తీకంలో నేనొస్తాను, కడిగిన డొక్క ఒక బస్తా తెస్తాను. ఇద్దరం కూర్చుని చేద్దాం.

మీ పెదనాన్న