పరజ పిట్ట ముందు తగిలినోడిదా, చంపినోడిదా? (న్యాయ సలహా)

ప్రశ్న: లాయరు గారికి నమస్కారమండి. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. మేం నలుగురం చిన్నప్పట్నుంచి ఫ్రెండ్స్. పోయిన చలికాలం మా మేనమామ గారి లైసెన్సు తుపాకీ ఆయనకి చెప్పే తీసుకుని తెల్లవారుజామున చేపల చెరువు గట్ల మీదకి పరజ పిట్టల (అడవి బాతుల) వేటకెళ్ళాం, ఆయన రాలేదు. నేను కొట్టిన పెద్ద పిట్ట తుంగలో పడింది కానీ చావలేదు. మూడోవాడు దాన్ని తేవడానికి నీళ్ళల్లోకి దిగాడు, ఈలోగా రెండోవాడు నా చేతిలోంచి తుపాకీ తీసుకుని ఇంకో దెబ్బ వేశాడు. పిట్ట చచ్చింది, మూడోవాడి మోచేతికి ఒక పెల్లెట్ (తూటాలోని సీసం గుండు) తగిలింది. ఆర్ఎంపీ దగ్గర ఇనుప తీగ గీసుకుందని చెప్పి కట్టు కట్టించాం. ముందు తగిలినోడిదే పిట్ట అని మా తాతల నాటి లెక్క, కాదు చంపినోడిదే అని వాడి వాదన. నాలుగోవాడు బండి నడిపాడంతే, తుపాకీ ముట్టుకోలేదు, కానీ వాటా తీసుకుని ఒక పిట్టని అత్తారింటికి పంపాడు. రెండోవాడు వీడియో స్టేటస్ పెట్టాడు. అందులో బండి నంబరు చూసి ఫారెస్ట్ వాళ్ళు నాలుగోవాడిని రేంజ్ ఆఫీసుకి రమ్మన్నారు. వీడియో తీసేసి వాడొక్కడి మీదే పోనిస్తే చాలని ఒకడు అంటున్నాడు. తూటాల ఖర్చు కూడా ఇంకా తేలలేదు. న్యాయం ఎవరి వైపు ఉందండి?

జవాబు: తమ్ముడూ, ముందు పిట్ట సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీ నలుగురి మధ్య మాటలు పోయింది దాని గురించే. ఆ పిట్ట నీదీ కాదు, వాడిదీ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, చట్టానికి విరుద్ధంగా వేటాడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. దాని మాంసమూ అంతే. అలాంటిది ఎవరి చేతికి వచ్చినా 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీసు స్టేషన్లో గానీ అధికారం ఉన్న ఆఫీసరుకి గానీ చెప్పి అప్పగించాలి. పర్మిషన్ లేకుండా దాన్ని దగ్గర పెట్టుకోకూడదు, అమ్మకూడదు, ఊరికే ఇవ్వనూ కూడదు. అంటే మీవాడు ప్రేమగా అత్తారింటికి పంపిన ఆ ఒక్క పిట్ట కూడా విడిగా ఒక తప్పే, పాపం వాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉండదు.

ముందు తగిలినోడిదే పిట్ట అన్న లెక్క మీ తాతగారి కాలంలో నిజంగానే ఉండేది, అప్పట్లో లైసెన్సు మీద వేట ఉండేది కాబట్టి ఆ మర్యాదలకీ ఒక అర్థం ఉండేది. కూర్చున్న పిట్టని కొట్టకూడదు, దెబ్బ తగిలినదాన్ని తుంగలో వదిలేసి రాకూడదు, పక్కవాడి గురిలోకి తుపాకీ తిప్పకూడదు, ఇవన్నీ పెద్దవాళ్ళు పాటించినవే, వాటి మీద నాకూ గౌరవమే. కానీ 1991 సవరణతో ఆ వేట లైసెన్సుల సెక్షన్లనే చట్టంలోంచి తీసేశారు, ఇప్పుడు మన దేశంలో సరదా వేటకి సీజన్ అంటూ లేదు, ఫలానా నెలల్లో కొట్టుకోవచ్చు అని మీకెవరైనా చెబితే నమ్మొద్దు.

2022 సవరణ తర్వాత, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, జంతువులకీ పిట్టలకీ రెండు షెడ్యూళ్ళు, అంటే రక్షణ జాబితాలు, ఉన్నాయి. మన చెరువుల మీద వాలే బాతు జాతి పిట్టలు చాలావరకు రెండో షెడ్యూల్లో ఉంటాయి, కొన్ని అరుదైనవి మొదటి దాంట్లో ఉంటాయి. తెల్లవారుజామున మంచులో గుంపు లేచినప్పుడు అందులో ఏది ఏ షెడ్యూలో గురి పెట్టేవాడికి తెలిసే ప్రసక్తే లేదు, కోర్టులో తెలీదండీ అంటే అది డిఫెన్సు కాదు. మామూలుగా అయితే 51వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే మొదటి షెడ్యూలు ప్రాణి అయితే మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు, దాంతోపాటు 25 వేలకి తగ్గని జరిమానా.

ఇక్కడే నీ ఉత్తరంలో లేని ఒక విషయం నాకు చాలా ముఖ్యం. మీరు నిలబడ్డ గట్టు ఎక్కడుంది? ఆకివీడు అన్నావు కాబట్టి అడుగుతున్నా. మీ పక్కనున్న కొల్లేరు సరస్సుని 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా నోటిఫై చేశారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రాంసర్ జాబితాలో కూడా చేరింది. ఆ కాంటూరు లోపల జిరాయితీ భూములు కూడా ఉన్నాయి, పట్టా ఉంది కదా మా సొంత చెరువు కదా అని చాలామంది అనుకుంటారు, కానీ భూమి ఎవరిదన్నది వేరు, అది అభయారణ్యం హద్దులో ఉందా అన్నది వేరు. హద్దు లోపల అయితే పిట్ట ఏ షెడ్యూలుదన్నా ఆ మూడేళ్ళ కనీస శిక్ష వర్తిస్తుంది, పైగా పర్మిషన్ లేకుండా ఆయుధంతో లోపలికి వెళ్ళడమే 31వ సెక్షన్ కింద ఇంకో తప్పు. కాబట్టి సర్వే నంబరు కనుక్కుని పెట్టుకో, మీ లాయరు మొట్టమొదట అడిగేది అదే. కోనసీమ అవతల కోరింగ మడ అడవుల వైపు కూడా వేటకి వెళ్ళే కుర్రాళ్ళు ఉంటారు, అది 1978 నుంచి అభయారణ్యం, అక్కడ బావురుపిల్లి మొదటి షెడ్యూలు జంతువు, వాళ్ళకీ ఇదే మాట.

ఇప్పుడు ఎవరెవరు ఇరుక్కుంటారన్న ప్రశ్న. నువ్వు చంపలేదు, దెబ్బ మాత్రమే తగిలింది అంటావేమో, చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, గాయపరచడం, ఆఖరికి ఆ ప్రయత్నం చేసినా వేటే. గూళ్ళల్లో గుడ్లు పాడుచేసినా, వాటిని కదిలించినా వేటే. అంటే నీ మొదటి దెబ్బా వాడి రెండో దెబ్బా చట్టం కళ్ళకి ఒకటే. నాలుగోవాడు తుపాకీ ముట్టుకోలేదన్నది నిజమే, కానీ 52వ సెక్షన్ ప్రకారం సహకరించినవాడు కూడా చేసినవాడితో సమానం, దానికితోడు పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 3(5) ఉంది, ఒకే ఉద్దేశంతో కలిసి చేసిన పనికి అందరూ బాధ్యులే అని. వేటకని తెలిసి బండి నడిపాడు, వాటా తీసుకున్నాడు. పైగా మాంసం ఎవరి దగ్గర దొరికితే అది అక్రమంగా ఉంచుకున్నదనే 57వ సెక్షన్ ముందుగా అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సింది మనమే. వాడిన బండి, తుపాకీ సీజ్ చేస్తారు కూడా.

కాబట్టి వాడొక్కడి మీదే పోనిస్తే మిగతావాళ్ళం బయటపడతాం అన్న ఆలోచన చట్టప్రకారం పనిచెయ్యదు, మనిషితనం ప్రకారమైతే అసలు నోటికి రాకూడని మాట. వాడు మిమ్మల్ని నమ్మి చీకట్లో బండి తీశాడు. వీడియోలో గొంతులు ఉంటాయి, తుపాకీ మేనమామ గారి పేరు మీద ఉంటుంది, రెండు రోజుల్లో మీ ముగ్గురి పేర్లూ వస్తాయి, అప్పుడు వేట కేసుతో పాటు దాచిపెట్టారన్న చెడ్డపేరు కూడా మోయాలి. వీడియో తీసెయ్యమని చెప్పినవాడి మాట అసలు వినొద్దు. సాక్ష్యం మాయం చెయ్యడం న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద వేరే నేరం. స్టేటస్ ఎలాగూ పోతుంది కానీ ఫోన్లో ఉన్నది ముట్టుకోవద్దు, ఫోను మార్చొద్దు, ఎముకలూ ఈకలూ ఇంకా ఎక్కడన్నా ఉంటే పూడ్చిపెట్టొద్దు, అన్నీ లాయరుకి చెప్పండి.

మేనమామ గారి సంగతి నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. లైసెన్సు తుపాకీ ఇంకొకరు పట్టుకోవచ్చా అంటే ఆయుధ చట్టం 3వ సెక్షన్లో చిన్న మినహాయింపు ఉంది, లైసెన్సుదారు పక్కన ఉండగానో ఆయన రాసిచ్చిన కాగితంతోనో పట్టుకెళ్ళొచ్చు, అది కూడా రిపేరుకి, రెన్యువల్‌కి, లేదా ఆయన వాడుకోవడానికి మాత్రమే. చెప్పి తీసుకున్నాం అంటే సరిపోదు, మీ వేటకి అరువివ్వడం అందులోకి రాదు. లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకున్నందుకు నీకూ రెండోవాడికీ 25వ సెక్షన్ కింద రెండేళ్ళకి తగ్గకుండా ఐదేళ్ళ వరకు పడే అవకాశం ఉంది, ఆయనకి లైసెన్సు షరతులు మీరినందుకు కేసు, లైసెన్సు రద్దు. ఆయన పేరున ఉన్న లైసెన్సు మీ సరదాకి పోతే ఆయన ముఖం ఎలా చూస్తావు? ఈరోజే వెళ్ళి జరిగింది జరిగినట్టు ఆయనకి చెప్పు, ఆయన కూడా విడిగా లాయర్ని పెట్టుకోవాలి.

చాలామంది అడుగుతారు కాబట్టి ఇది కూడా, నాలుగున్నర మిల్లీమీటర్ల బోరు దాటకుండా 20 జూల్స్ శక్తి మించని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. కానీ దాంతో కొట్టినా పిట్ట పిట్టే, వన్యప్రాణి కేసు కేసే.

మోచెయ్యి గురించి. నీళ్ళల్లో మనిషి ఉండగా ఆ తుంగ వైపే కాల్చడం అనేది నేను చదివినప్పుడు గుండె ఆగినంత పనైంది. పెల్లెట్ నీటి ఉపరితలం మీద తగిలి ఏ కోణంలో ఎటు లేస్తుందో ఎవడూ చెప్పలేడు, తుంగ దుబ్బులో గట్టి వేరు తగిలినా అంతే. మోచేతికి తగిలింది కన్నుకి తగలొచ్చు. పాత వేటగాళ్ళు ఎవరైనా మనిషి దిగాక తూటాలు తీసేసి తుపాకీ మడత విప్పి పట్టుకునేవాళ్ళు, రెండోవాడికి ఆ పాటి మర్యాద కూడా తెలీకుండా పిట్ట మీద హక్కు అడుగుతున్నాడు. చట్టప్రకారం ఇది న్యాయ సంహిత 125, నిర్లక్ష్యంగా గాయపరచడం, ఆరు నెలల వరకు జైలు లేదా ఐదు వేల వరకు జరిమానా, గాయం తీవ్రమైతే మూడేళ్ళ వరకు. ఈ ఒక్క ముక్కలో మాత్రం దెబ్బ తగిలినవాడు కోర్టు అనుమతితో రాజీ పడొచ్చు, అది పూర్తిగా వాడి ఇష్టం, మీరు బలవంతపెట్టకండి. అంతకంటే ముందు వాడిని మంచి ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించండి, డాక్టరుకి తుపాకీ దెబ్బ అని నిజం చెప్పండి. మెడికో లీగల్ కేసు (పోలీసులకి తెలియజేసే ఆసుపత్రి రికార్డు) రాస్తారని భయపడి తీగ గీసుకుందని చెప్పిన అబద్ధం వల్ల సీసం ముక్క లోపలే ఉండిపోయి ఉంటే, చీము పట్టాక చెయ్యి మీద పడే ఖర్చూ బాధా ఏ కేసుకన్నా పెద్దవి.

తూటాల డబ్బులు, పెట్రోలు డబ్బులు నలుగురూ పంచుకుందాం అనుకున్న మాటకి చట్టంలో విలువ లేదు. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం చెల్లదు, ఎవడూ ఎవడి మీదా దావా వెయ్యలేడు. ఇస్తే స్నేహం కొద్దీ ఇచ్చుకోండి.

ఇప్పుడు రేంజ్ ఆఫీసు. పిలిచారంటే అరెస్టు చేసేశారని కాదు. ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్న కేసుల్లో అవసరం చూడకుండా అరెస్టు చెయ్యకూడదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వారెంటు లేకుండా పట్టుకునే అధికారం వన్యప్రాణి చట్టంలో ఉంది, దీన్ని నాన్ బెయిలబుల్‌గానే చూస్తారు, కాబట్టి నాలుగోవాడు వెళ్ళేముందే భీమవరంలో గానీ ఏలూరులో గానీ ఇలాంటి కేసులు చేసే లాయర్ని కలవండి, ముందస్తు బెయిలు అవసరమా లేదా ఆయన చూసి చెప్తారు, ఇప్పుడది పాత సీఆర్పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 482వ సెక్షన్. ఆఫీసులో గొడవ పడొద్దు, అబద్ధం చెప్పొద్దు, తనకి వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమని రాజ్యాంగం 20(3) ఎవర్నీ బలవంతపెట్టనివ్వదు కాబట్టి లాయరు వచ్చాక మాట్లాడతానండి అని మర్యాదగా అడగొచ్చు. అటవీ శాఖలో అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం తర్వాత కోర్టులో చెల్లుతుంది, చదవకుండా దేని మీదా సంతకం పెట్టకూడదు.

పోతే ఒక దారి ఉంది, అది మీ గట్టు ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. అభయారణ్యం బయట, రెండో షెడ్యూలు పిట్ట అయితే వన్యప్రాణి చట్టం 54వ సెక్షన్ కింద డబ్బు కట్టి కాంపౌండింగ్ (కోర్టు విచారణ లేకుండా కేసు ముగించుకోవడం) చేసుకోమని అధికారులు ఒప్పుకునే అవకాశం ఉంటుంది, అది వాళ్ళ విచక్షణ, మన హక్కు కాదు. కనీస శిక్ష పడే కేసులకి అది లేదు, ఆయుధాల కేసుకీ ఇది పనికిరాదు. నలుగురూ ఒకేసారి లాయరు దగ్గరికెళ్ళి, ఎవడు కొట్టాడు ఎవడు నడిపాడు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. మీ మాటలు ఒకరికొకరు విరుద్ధంగా వచ్చేలా ఉంటే ఆయనే విడివిడిగా లాయర్లని పెట్టుకోమంటారు, దానికి నొచ్చుకోకండి. వెళ్ళేటప్పుడు చెరువు పాస్‌బుక్కు నకలు, తుపాకీ లైసెన్సు జిరాక్సు, ఎక్స్‌రే తీస్తే ఆ రిపోర్టు, వీడియో ఉన్న ఫోను తీసుకెళ్ళండి.