న్యూయార్క్ అద్దె ఇళ్లలో ఒక ఫ్లాట్‌లో ఉక్క, ఇంకో ఫ్లాట్‌లో చలి ఎందుకు?

పై అంతస్తువాళ్లు కిటికీలు తెరుస్తుంటే కిందివాళ్లు వణుకుతున్నారని, ఇంధనం బిల్లు మాత్రం ఓనరుగా మీరే కడుతున్నారని రాశారు. ఆవిరితో వేడి చేసే పాత భవనాల్లో పైపుల్లోని గాలి త్వరగా బయటికి పోకపోతే దూరపు ఫ్లాట్లలో గదిని వేడి చేసే రేడియేటర్లకు ఆవిరి ఆలస్యంగా చేరుతుంది. ఆ ఫ్లాట్ల కోసం బాయిలర్‌ని ఎక్కువసేపు నడిపితే మిగతావి ఉడికిపోతాయి. అందుకే ముందు మెయిన్ పైపుల్లోని గాలిని బయటికి వదిలే ఎయిర్ వెంట్లను మెకానిక్‌కి చూపించండి, కొత్త బాయిలర్ సంగతి తర్వాత. ఉక్కగా ఉండే గదుల్లో థర్మోస్టాటిక్ వాల్వులు, అంటే గది తగినంత వేడెక్కగానే రేడియేటర్‌ని వాటంతటవే ఆపేసేవి, పెట్టించండి.

ఖర్చు కోసం వేడి తగ్గించేయడం కుదరదు. న్యూయార్క్ నగర నిబంధన ప్రకారం అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు, పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, బయట ఎంతున్నా 62. పసిపిల్లలున్న ఇంటికి ఆ 62 చాలదనే నేనంటాను.