అమెరికా సెనేట్‌లో 53 మంది ఉన్నా రిపబ్లికన్ల బిల్లులు ఎందుకు ఆగిపోతాయి?

అడ్డుపడేది ఫిలిబస్టర్, అంటే చర్చను సాగదీసి బిల్లును ఓటింగ్‌కు రాకుండా ఆపే పద్ధతి. 100 మంది ఉన్న సెనేట్‌లో బిల్లు నెగ్గడానికి సగానికి మించి ఓట్లు చాలు. కానీ చర్చ ముగించి బిల్లును ఓటింగ్‌కు తేవాలంటే 60 కావాలి. అంటే అవతలి పక్షం నుంచి ఇంకో ఏడుగురు రావాలి.

దీన్ని తప్పించుకునే దారి రికన్సిలియేషన్ అనే ప్రత్యేక బడ్జెట్ పద్ధతి. ముందు ఉభయసభలూ ఒకే బడ్జెట్ తీర్మానాన్ని ఆమోదించాలి, ఏ కమిటీ ఖర్చునో ఆదాయాన్నో ఎంత మార్చాలో అందులోనే ఆదేశించాలి. ఆ తర్వాత బిల్లుకు మామూలు మెజారిటీ చాలు. 2025 జూలైలో ట్రంప్ పన్నుల బిల్లు ఇలాగే 51-50తో గట్టెక్కింది, అదీ ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటు కలిస్తేనే. చాలామంది పొరబడేది ఇక్కడే: ఈ దారిలో ఏది పడితే అది చేర్చడం కుదరదు. బైర్డ్ నిబంధన ప్రకారం ప్రతి అంశమూ ముఖ్యంగా ఖర్చుకో ఆదాయానికో సంబంధించినదై ఉండాలి. సోషల్ సెక్యూరిటీని ముట్టుకోకూడదు. 2021లో డెమొక్రాట్లు వలసదారులకు చట్టబద్ధత కల్పించే అంశాన్ని ఇందులో పెట్టబోతే సెనేట్ పార్లమెంటేరియన్ (నిబంధనలపై సలహా చెప్పే అధికారి) ఒప్పుకోలేదు. మనవాళ్లను ఏళ్ల తరబడి ఆపుతున్న గ్రీన్‌కార్డు పరిమితిని (ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదనేదాన్ని) మార్చాలన్నా మామూలుగా ఆ 60 ఓట్ల గండం దాటాల్సిందే.

మరి ఫిలిబస్టర్‌నే తీసేయొచ్చుగా? ట్రంప్ అడుగుతున్నది అదే. సెనేట్ నాయకుడు జాన్ థూన్ వంటి కన్సర్వేటివ్‌లు మాత్రం వద్దంటున్నారు. వాళ్ల వాదనే నాకు బలంగా తోస్తుంది. 2013లో డెమొక్రాట్లు కింది కోర్టుల నియామకాలకు దాన్ని ఎత్తేశారు. 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకూ ఎత్తేసి, ఆపై ముగ్గురు న్యాయమూర్తులను కూర్చోబెట్టారు. ఇవాళ తీసేసిన గోడ రేపు అవతలివాళ్లనూ ఆపదు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలనుకునేవాళ్లకు కొత్త చట్టం కష్టమవడమే రక్ష.