పిల్లల కథలో గూటి నుంచి పడిన పక్షిపిల్లకు పాలు తాగించినట్టు రాయవచ్చా?

రాయకూడదు, పక్షులు పాలు తాగి పెరిగే జీవులు కావు, పాలలోని చక్కెర వాటికి సరిగా అరగదు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పక్షికి శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. దూదితోనో చెంచాతోనో నోట్లో చుక్కలు పోస్తే, మంచినీళ్లయినా సరే, ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చనిపోవచ్చు. కథలో చదివింది పిల్లలు చేసి చూస్తారు కాబట్టే ఇంత పట్టింపు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద గోరింక పిల్ల కనిపించిందనుకోండి. ఒంటినిండా ఈకలుండి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. కుక్కలు, పిల్లులు రాకుండా చూస్తే చాలు, తల్లిదండ్రులు నేల మీదే మేత పెడతాయి. ఈకలు రాకపోతే తిరిగి గూట్లో పెట్టాలి. గూడు అందకపోయినా, గాయమున్నా, గాలిరంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తని నూలుబట్ట పరిచి (తువ్వాలు వద్దు, దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి), చీకటిగా వెచ్చగా ఉంచి అటవీశాఖకు అప్పగించాలి. కథకు అసలు పట్టు ఇక్కడే దొరుకుతుంది: మూత తీసి చూడకుండా ఉండటం బుడ్డోడికి నిజంగా కష్టం.

మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. పక్షులు పిల్లల్ని ఎక్కువగా చూపుతో, అరుపుతో పోల్చుకుంటాయి. తల్లి రాకపోతే చాలాసార్లు కారణం మనం దగ్గర్లో నిలబడటమే. కోలుకున్న గోరింక పంజరంలో ఉండిపోయే ముగింపు కూడా వద్దు. దాన్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.