పిల్లల లక్ష్యాల ఫైలు ఎవరి కోసం రాస్తున్నాం?

మీ ప్రశ్నలో రెండు వేరువేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ముందు దాన్ని ఒకసారి విడదీసి చెప్పుకుంటాను. 2024 డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడిగా) ఎంపికై ములుగు జిల్లాలో ఒక తండా బడికి వచ్చానని, ఐదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులని, రిజిస్టర్లూ ఆన్‌లైన్ నమోదులూ చాలవన్నట్లు ఇప్పుడు ఒక్కో పిల్లవాడికి ఒక్కో లక్ష్యం రాసి నెలనెలా ప్రగతి చూపమంటున్నారని, ఇక పాఠం చెప్పేది ఎప్పుడని అడిగారు. రాతపని ఎక్కువైందన్నది ఒక బాధ. పిల్లల లక్ష్యాలను కూడా ఆ రాతపనిలోనే కలిపేశారన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర కొన్ని ఉపాయాలు మాత్రమే ఉన్నాయి. రెండోదాని గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ విషయంలో నేను తప్పు చేసి తెలుసుకున్నవాణ్ణి.

నేను వరంగల్ జిల్లాలోని ప్రాథమిక పాఠశాలల్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. జిల్లా అనగానే ఒక సంగతి గుర్తుకొస్తుంది. మా బడి ఉన్నచోటే ఉంది కానీ, 2016లో మా జిల్లా వరంగల్ రూరల్ అయింది, 2021లో మళ్లీ వరంగల్ అయింది. ప్రతిసారీ రబ్బరు ముద్రలూ, రిజిస్టర్ల అట్టలూ, టీసీ పుస్తకాలూ మార్చుకున్నాం. రాతపని అంటే మా తరానికి మొదట తట్టేది అదే.

ఇప్పటి లెక్క చూడండి. నిరంతర సమగ్ర మూల్యాంకనం ప్రకారం ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు (పాఠాలు నడుస్తుండగానే చూసేవి), ఒక్కోదానిలో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అని నాలుగు సాధనాలు. నా దగ్గర 31 మంది పిల్లలు ఉన్న ఏడాది తెలుగు, గణితం, ఇంగ్లిషు మూడింటికే లెక్క వేసుకుంటే 1,488 గడులు నింపవలసి వచ్చింది. కొంత భాగం పూర్తయ్యాక పెట్టే సంగ్రహణాత్మక పరీక్షలు, చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కింద జరిపే బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ పరీక్షలు, బడి వివరాల యూడైస్ నమోదు, పిల్లల వివరాల చైల్డ్ ఇన్ఫో, ఒక్కో విద్యార్థికీ ఇచ్చే అపార్ గుర్తింపు సంఖ్య, మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వ, కోడిగుడ్ల లెక్క ఇందులో చేరలేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఉపాధ్యాయులను విద్యేతర పనులకు వాడకూడదని చెబుతుంది. అయినా 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు మేమంతా ఎన్యూమరేటర్లం, ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి. ఆ సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. పోయిన పూటలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఈ మొత్తం కాగితాల్లో కొన్నింటిని నేను మనసారా చేస్తాను. బియ్యం, గుడ్లు, హాజరు ఏ రోజుది ఆ రోజే రాయాలి, ఎందుకంటే అది పిల్లల తిండి లెక్క, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పవలసినది మనమే. అడ్మిషన్ రిజిస్టరు అంతకంటే ముఖ్యం. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడే పుట్టిన తేదీని, ఆధార్‌లోని పేరు అక్షరాలను తల్లిదండ్రుల ఎదుట సరిచూడండి. అక్కడ పడిన తప్పు పదో తరగతి మెమో దాకా పిల్లవాడి వెంట నడుస్తుంది, అప్పుడు దిద్దించుకోవడానికి ఆ తల్లిదండ్రులు ఎన్ని కూలి దినాలు పోగొట్టుకుంటారో నేను చూశాను. పాఠ్య ప్రణాళికను మాత్రం నేను పొట్టిగా రాస్తాను. అందులో ఉపాధ్యాయుని ప్రతిస్పందన అని చివర ఒక గడి ఉంటుంది, అందరూ "పాఠం సంతృప్తికరంగా జరిగింది" అని రాసి వదిలేసే గడి. నేను దాన్నొక్కదాన్నే శ్రద్ధగా నింపుతాను: ఏ లెక్క దగ్గర ఎవరు ఆగిపోయారో, ఏ ఉదాహరణ పనిచేయలేదో. మరుసటి ఏడాది అదే పాఠానికి వచ్చినప్పుడు నాకు ఉపయోగపడేది ఆ గడే.

వాట్సాప్ గ్రూపులో "ఈ రోజు సాయంత్రం నాలుగు గంటల్లోపు పంపండి" అని వచ్చే నమూనాల గురించి ఒక్క మాట. వాటిలో కొన్నింటిని రెండు రోజుల తర్వాత అడిగినవారే మరిచిపోతారు. నేను ప్రొసీడింగ్స్ (లిఖిత ఉత్తర్వు) నంబరు అడుగుతాను, లేకపోతే రెండోసారి అడిగినప్పుడు ఇస్తాను. కానీ ఇది నా సర్వీసు ఇచ్చిన ధైర్యం. మీరు కొత్తగా వచ్చారు కాబట్టి నన్ను చూసి అలా చేయకండి; మీ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెడ్మాస్టరును అడిగి, ఏది తప్పనిసరో ఏది కాదో తెలుసుకుని నడవడం మంచిది.

ఇక లక్ష్యాల సంగతి. కొన్నేళ్ల కిందట మా మండలంలో కూడా ప్రతి విద్యార్థికీ ఒక లక్ష్యాల పత్రం పెట్టాలని చెప్పారు. పత్రంలో విద్యార్థి పేరు, ప్రస్తుత స్థాయి, సాధించవలసిన లక్ష్యం, గడువు, నెలవారీ ప్రగతి అనే గడులు ఉన్నాయి. నేను రెండు రాత్రులు కూర్చుని 31 మందికీ రాశాను. పిల్లలు ముప్పై ఒక్కరు అయినా లక్ష్యాలు నిజానికి ఐదే: ధారాళంగా చదవగలగడం, గుణింతాలు రాయగలగడం, మూడంకెల తీసివేత చేయగలగడం, ఇట్లా. వాటినే అటూ ఇటూ మార్చి రాశాను. నెల చివర "సాధించాడు", "సాధించే దశలో ఉంది" అని నింపాను. తనిఖీకి వచ్చిన అధికారి ఫైలు తిప్పి, చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టారు.

ఆయన వెళ్లాక ఆ ఫైలును బీరువాలో పెడుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ఆ పిల్లవాడు సంక్రాంతి తర్వాత తల్లిదండ్రులతో కలిసి ఖమ్మం వైపు మిరపకాయ ఏరడానికి వెళ్లాడు, ఫిబ్రవరి అంతా బడికి రాలేదు. హాజరు పట్టీలో గైర్హాజరు అని నేనే వేశాను. లక్ష్యాల పత్రంలో ఫిబ్రవరి గడిలో "సాధించాడు" అని కూడా నేనే రాశాను. చూసినవారికి అది కనిపించలేదు, రాసిన నాకూ రాస్తున్నప్పుడు కనిపించలేదు. మోసం చేయాలని రాసింది కాదు. గడి ఖాళీగా ఉంది కాబట్టి నిండింది.

అప్పటినుంచి నేను లక్ష్యాలను రెండుగా చేసుకున్నాను. ఆఫీసుకు పోయేది ఒకటి, పిల్లల దగ్గర ఉండేది ఒకటి. ఆఫీసుకు పోయేదానిలో నిజం మాత్రమే, అతి తక్కువ మాటల్లో రాస్తాను. వలస పోయిన పిల్లవాడి గడిలో "వలస" అని రాస్తాను. పిల్లల దగ్గర ఉండేదాన్ని ఎవరికీ చూపించను.

రెండోదాన్ని ఎలా చేశానో చెబుతాను. మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. గోడకు పెద్ద చార్టు అంటించి అందరి పేర్లూ, అందరి లక్ష్యాలూ రాశాను. వారం తిరగకముందే పిల్లలు ఆ చార్టు ముందు నిలబడి, నాలుగో తరగతిలో ఇంకా గుణింతాల దగ్గరే ఉన్న ఒక అమ్మాయిని ఏడిపించడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి రెండు రోజులు బడికి రాకపోతే ఇంటికి వెళ్లి తీసుకొచ్చాను, వచ్చిన రోజే చార్టు చింపేశాను. తర్వాత ప్రతి పిల్లవాడికీ నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి ఇచ్చి, సోమవారం ప్రార్థన తర్వాత ఆ వారంలో తాను చేయదలచుకున్నది ఒక్క వాక్యంలో రాసుకోమన్నాను. రాయలేనివారు నాకు చెబితే నేను రాసి ఇచ్చేవాణ్ణి. శనివారం వాళ్లే చూసుకుని, అయితే టిక్కు పెట్టుకోవాలి, కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ రాసుకోవచ్చు. కాలేదని ఎవరినీ ఒక్క మాట అననని ముందే చెప్పాను.

మొదట్లో అందరూ "డాక్టర్ కావాలె", "పోలీస్ కావాలె" అని రాశారు. అది పెద్దవాళ్లు అడిగినప్పుడు చెప్పే జవాబు అని వాళ్లకూ తెలుసు. నాలుగైదు వారాల తర్వాత అసలు కోరికలు బయటికి వచ్చాయి. ఐదో తరగతి పిల్లవాడొకడు "మా బాపు తెచ్చిన తక్ పట్టీ నేనే చదవాలె" అని రాశాడు. తక్ పట్టీ అంటే మార్కెట్లో పంట అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీ. వాళ్లది పత్తి, మిరప వేసే కుటుంబం. పంట వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్టుకు పోతుంది. నేను వాడితో ఒక పాత తక్ పట్టీ తెప్పించుకున్నాను. అందులో బస్తాల సంఖ్య, క్వింటాళ్లు కిలోల్లో నికర తూకం, క్వింటాలు ధర, దాని పక్కన హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి) ఖర్చులు, చివరికి చేతికొచ్చే మొత్తం ఉన్నాయి. గుణకారం, తీసివేత, దశాంశాలు, కిలోలను క్వింటాళ్లలోకి మార్చడం అన్నీ ఆ ఒక్క చీటీలోనే ఉన్నాయి. వాడికి ఏడు వారాలు పట్టింది. అదే వాక్యాన్ని ఆరుసార్లు తిరిగి రాసుకున్నాడు. ఎనిమిదో సోమవారం వచ్చి, "సార్, పైసలతో సహా కలిసింది" అన్నాడు. ఆఫీసు పత్రంలో ఈ లక్ష్యాన్ని ఏ అభ్యసన ఫలితం కింద చూపించాలో నాకు తోచలేదు, "నాలుగంకెల గుణకారం" అని రాసి ఊరుకున్నాను.

అందరివీ ఇలా ముగియలేదు. ఒకడు ఏడాదంతా "రోజూ బడికి రావాలె" అనే రాసుకున్నాడు, పత్తి ఏరే నెలల్లో ఒక్క వారమూ టిక్కు పడలేదు. వాడి చేతిలో లేనిదాన్ని వాడు లక్ష్యంగా పెట్టుకుంటున్నాడని నాకు ఆలస్యంగా తట్టింది. అక్కడ మాట్లాడవలసింది వాడితో కాదు, వాళ్ల ఇంట్లో.

లక్ష్యాలు పెట్టుకోవడం గురించి శిక్షణల్లో చెప్పే విషయాలు చాలావరకు కార్ఖానాల నుంచి, కంపెనీల నుంచి వచ్చినవి. 1975లో అమెరికాలో గ్యారీ లేథమ్, బాల్డెస్ అనే పరిశోధకులు కలప మోసే లారీ డ్రైవర్లతో ఒక ప్రయోగం చేశారు. చట్టం అనుమతించిన బరువులో అరవై శాతం దగ్గర మాత్రమే ఎక్కించుకుంటున్న లారీలు, 94 శాతం అనే స్పష్టమైన లక్ష్యం ఇచ్చాక తొంభై శాతానికి చేరాయి. లక్ష్యం స్పష్టంగా ఉంటే పని పెరుగుతుందనడానికి దీన్ని చెబుతారు. కానీ దానిలోనే ఇంకో సంగతి ఉంది: బరువు పెరిగి మళ్లీ తగ్గినా ఎవరినీ ఏమీ అనబోమని ఆ డ్రైవర్లకు ముందే మాట ఇచ్చారు. మన దగ్గరికి వచ్చేసరికి లక్ష్యం మిగిలింది, ఆ మాట రాలిపోయింది. కానప్పుడు సంజాయిషీ అడుగుతారని తెలిసిన టీచరు సులువైన లక్ష్యమే రాస్తాడు, లేదా అయిందని రాస్తాడు. నేను చేసింది అదే.

పైనుంచి వచ్చే అంకెలను కూడా కొంచెం ఆలోచించి వాడండి. చదవడం, లెక్కల పునాది కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి పిల్లవాడు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. కానీ తెలుగులో పదం ఎంత పొడవు? "వెళ్లిపోతున్నాడు" అని మనం ఒక్క పదంగా రాసేదాన్ని హిందీలో "చలా జా రహా హై" అని నాలుగు పదాలుగా రాస్తారు. 2022లో దేశమంతటా జరిగిన పునాది అభ్యసన అధ్యయనం ఇరవై భాషలకు వేరువేరు ప్రమాణాలు పెట్టడానికి కారణం ఇలాంటి తేడాలే. మీ తండా పిల్లలకు ఇంటి భాష లంబాడీ, బడి భాష తెలుగు కాబట్టి ఇది మరింత వర్తిస్తుంది. గడియారం పట్టుకుని పదాలు లెక్కించే ముందు, చదివినదాన్ని పిల్లవాడు తన మాటల్లో, లంబాడీలోనైనా సరే, చెప్పగలడా అని చూడండి. నేను నమ్మే కొలత అది.

మీరు వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టదలచుకుంటే, అందరితో కాకుండా నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో మాత్రమే మొదలుపెట్టండి. పది నిమిషాలకు మించితే అది కూడా ఒక రిజిస్టరు అయిపోతుంది. నోటుపుస్తకాలను ఎర్ర ఇంకుతో దిద్దకండి. ఆఫీసు పత్రాన్ని పాఠం చెప్పే వేళలో ముట్టుకోకండి. మీరు ఇద్దరు కాబట్టి, నెల చివరి శనివారం ఒకరు పిల్లలందరితో ఆటలు ఆడిస్తూ ఉంటే రెండోవారు నింపవచ్చు. మా బడిలో అలాగే చేస్తున్నాం.

ప్రగతికి ఆధారం ఏదని తనిఖీలో అడిగితే ఏం చెప్పాలన్నది కూడా మీకు ఎదురవుతుంది. నేను ఫైలు ఇస్తాను, దానితోపాటు ఎవరైనా ఒక పిల్లవాణ్ణి పిలిచి చదివించి చూడమని అడుగుతాను. ఇప్పటివరకు ముగ్గురు అధికారులను అలా అడిగాను. ఇద్దరు సమయం లేదని సంతకం పెట్టి వెళ్లారు. ఒకావిడ మాత్రం బల్ల మీద కూర్చుని ముగ్గురు పిల్లలతో చదివించి విన్నారు, వెళ్తూ ఫైలు అడగడం మరిచిపోయారు.